బీఎస్సీ అడ్మిషన్లు: నిన్నటి ప్రశ్నకు జవాబు

అందరికీ నమస్కారం. తక్కువ ఖర్చులో మంచి సైన్స్ డిగ్రీ ఎక్కడని నిన్న అడిగారు కదా. గతేడాది మా అమ్మాయి కోసం తిరిగాను కాబట్టి తెలిసింది రాస్తున్నా.

నా ఓటు గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకే. అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ, మళ్లీ పీజీ ఎంట్రన్స్ టెన్షన్ ఉండదు. సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ఎంట్రన్స్ సీయూఈటీ రాస్తే సరిపోదు, యూనివర్సిటీకి విడిగా దరఖాస్తు పెట్టాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

రీసెర్చ్ పిచ్చి ఉన్న పిల్లలకు తిరుపతి ఐసర్, అంటే సైన్స్ చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థ. దానికి ఐఏటీ అనే వేరే పరీక్ష ఉంటుంది. ఫీజు ఎక్కువే. కానీ ఇంటర్‌లో బోర్డు టాప్ 1 శాతంలో ఉండి, బేసిక్ సైన్స్‌లో చేరినవాళ్లు కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు పెట్టుకోవచ్చు. ఎంపికైతే ఏడాదికి 80,000 వరకు వస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లకూ, మామూలు బీఎస్సీ వాళ్లకూ ఇది వర్తిస్తుంది.

ఇంటి నుంచి బస్ పాస్‌తో వెళ్లి రావాలంటే నిజాం కాలేజీ, కోఠి ఉమెన్స్. రెండింటికీ దోస్త్‌లోనే (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్) ఆప్షన్లు పెట్టాలి. కోర్సు పేరు పక్కన ‘సెల్ఫ్ ఫైనాన్స్’ అని ఉందేమో కళ్లు పెట్టుకుని చూడండి, ఫీజు బాగా పెరిగిపోతుంది. మేం ఒక కాలేజీలో ట్యూషన్ ఫీజు చూసి సంబరపడ్డాం. తీరా కౌంటర్ దగ్గర ల్యాబ్, లైబ్రరీ, ‘ఇతరాలు’ అంటూ రసీదు చాంతాడంత అయింది.

ఆంధ్రా యూనివర్సిటీ గురించి విశాఖ వాళ్లెవరైనా చెప్పండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు మాత్రం ఈ వారమే మీసేవలో పెట్టేయండి.