అద్దె ఇళ్ల యజమానుల సంఘం – వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు ఏడాది పనుల నివేదిక కార్యదర్శి రాసి పెట్టాలని మన నిబంధన. ఒకటి రెండు ఇళ్లు అద్దెకిచ్చుకునేవాళ్లకి సంఘం ఎందుకో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తున్నాను.

ముందుగా కృతజ్ఞతలు. అధ్యక్షులకి, కోశాధికారికి, కమిటీ సభ్యులకి. మన అగ్రిమెంటు నమూనాని పైసా తీసుకోకుండా మూడుసార్లు దిద్దిపెట్టిన లాయరు గారికి. ప్రతి నెలా సమావేశానికి తన ఇంటి హాలు ఇచ్చి, అందరూ వెళ్లాక కుర్చీలు కూడా తానే సర్దుకున్న సభ్యురాలికి. ఆదివారం సెలవు మానుకుని వచ్చిన ప్లంబర్ గారికి. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు. ఎవరెవరో మీ అందరికీ తెలుసు, కనిపించినప్పుడు ఒక మాట చెప్పండి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఖాళీ ఇంట్లో పెట్టిన శిక్షణ. మన సభ్యురాలి ఇల్లు ఒకటి ఖాళీ అయింది. కొత్తవాళ్లు దిగడానికి వారం టైముంది. ఆ మధ్యలో ఒక ఆదివారం తాళాలు మన చేతికిచ్చారు. ఇరవై ముగ్గురు వచ్చారు. నాలుగు జట్లు చేసి, ఇంటి పరిస్థితి రాసే ఫారం ఇచ్చి, ఒక్కో గది చూసి ఉన్నది ఉన్నట్టు రాయమన్నాం. తర్వాత గదులు మార్చి, మొదటి జట్టు రాసింది చూపించకుండా రెండో జట్టుతో అదే గది రాయించాం.

ముందు గదికి మొదటి జట్టు రాసింది ‘గోడలు బాగున్నాయి’ అని. రెండో జట్టు రాసింది ‘కిటికీ కింద ఎడమ మూల జానెడు మేర పెయింటు ఉబ్బింది, తాకితే చెమ్మగా ఉంది’ అని. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాక ఎవరికీ ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. రెండేళ్ల తర్వాత అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసేటప్పుడు ఆ చెమ్మ ఎవరి ఖాతాలో పడాలి? ‘బాగుంది’ అన్న మాట అప్పుడు ఓనర్‌నీ కాపాడదు, అద్దెదారునీ కాపాడదు. గదివారీగా రాయాలి. తేదీ పడేలా ఫొటోలు తియ్యాలి. మీటరు రీడింగులు, ఎన్ని తాళంచెవులు ఇచ్చామన్నది రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, ఒక కాపీ వాళ్లకి ఇవ్వాలి. తాళం చేతికిచ్చే రోజు గంటసేపు ఈ పని చేస్తే చాలు. ఈ ఏడాది మన దగ్గరికి వచ్చిన అడ్వాన్సు తగాదాల్లో ఒక్కదానికి కూడా ఇలాంటి కాగితం లేదు.

అదే రోజు ప్లంబర్ గారు ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కలు రంగు వేసి, ఎవరూ ఫ్లష్ నొక్కొద్దన్నారు. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే కమోడ్‌లోకి రంగు దిగి ఉంది. లోపల వాల్వు రబ్బరు అరిగి, పగలూ రాత్రీ నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. ఆ ఇంటావిడ ముఖం చిన్నబోయింది. నీళ్ల బిల్లు విషయంలో పాత అద్దెదారులని ఎన్నోసార్లు మాట అన్నారట. ఆ సాయంత్రమే వాళ్లకి ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పారు. ఆ మాట తర్వాతి సమావేశంలో అందరి ముందూ చెప్పినందుకు ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది. కుళాయిలన్నీ కట్టేసి మీటరు ముందు కాసేపు నిలబడండి. అయినా ముల్లు కదులుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. దీనికి ప్లంబర్ కూడా అక్కర్లేదు. అక్కడే ఇంకోటి తేలింది. పొగ అలారం గడువు దాటిపోయింది. బ్యాటరీ మార్చుకుంటూ పోతే చాలదు, తయారైన పదేళ్లకి అలారమే మార్చాలి.

నెలవారీ సమావేశాల్లో అన్నిటికంటే వేడిగా చర్చ జరిగింది అద్దె పెంపు మీద. అద్దె 5 శాతం పెంచామనుకోండి. ఉన్నవాళ్లు వెళ్లిపోయి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే, ఆ పోయిన నెల అద్దె పెంపు ద్వారా తిరిగి రావడానికి 20 నెలలు పడుతుంది. రెండు నెలలు ఖాళీ అయితే 40 నెలలు. రంగులు, బ్రోకర్ కమిషన్ దీనికి అదనం. పెంచొద్దని నేను అనడం లేదు. టైముకి అద్దె కట్టి, ఇంటిని ఇల్లులా చూసుకునే కుటుంబాన్ని కదిలించే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోండి.

కొత్తగా ఇల్లు కొందామని వచ్చినవాళ్లకీ ఒక లెక్క చూపించాం. ఇంటి ధర 100 అనుకుంటే ఏడాది అద్దె 6. బ్రోకర్ చెప్పేది ఈ 6 శాతమే. ఏడాదికి ఒక నెల ఖాళీ పోతే 5.5. మరమ్మతులకి ఇంటి విలువలో ఏటా 1 శాతం పక్కన పెట్టాలన్నది అందరూ వాడే లెక్క, అది తీస్తే 4.5. పన్నూ బీమా కలిపి ఇంకో అర అనుకుంటే చేతికొచ్చేది 4. అప్పు చేసి కొంటే, వడ్డీ రేటుని పోల్చి చూడాల్సింది ఈ 4తో. ఈ లెక్క చూశాక ఇద్దరు సభ్యులు కొనే ఆలోచన వాయిదా వేశారు. అప్పు టెన్షన్ తప్పిందని ఒకరు నాతో అన్నారు.

ఫోన్ సలహాల్లో ఎక్కువ మంది అడిగింది అద్దెదారుని ఎలా ఎంచుకోవాలని. వచ్చిన ప్రతి ఒక్కరినీ అవే ప్రశ్నలు అడగండి: పని ఏమిటి, ఆదాయం ఎంత, ఎంతమంది ఉంటారు, పాత ఇల్లు ఎందుకు వదులుతున్నారు. ఇప్పుడున్న ఇంటి ఓనర్‌తో పాటు అంతకుముందు ఓనర్‌తో కూడా మాట్లాడండి. ఇప్పటి ఓనర్‌కి వదిలించుకోవాలని ఉంటే మంచి మాటే చెప్తారు. పాత ఓనర్‌కి ఆ అవసరం ఉండదు.

అడ్వాన్సులో కోతల మీద వచ్చిన తగాదాలు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే చాలావరకు తేలాయి. వాడుకలో అరిగినది వేరు, పాడుచేసినది వేరు. ఎండకి వెలిసిన రంగుకి అద్దెదారు దగ్గర డబ్బు పట్టడం న్యాయం కాదు. వాళ్లు నిజంగా గోడ పాడుచేసినా, ఐదేళ్లు నిలిచే పెయింటు వేసి మూడేళ్లు గడిచి ఉంటే మిగిలిన రెండేళ్ల వంతే అడగాలి. కొత్త పెయింటు ఖర్చంతా వాళ్ల నెత్తిన పెట్టడం తప్పు. ఈ మాట మన సభ్యులకి నచ్చజెప్పడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది.

లెక్కలు ఆడిట్ అయ్యాయి. చందాలు, ఖర్చులు, నిల్వ చూపే కాగితం నోటీసు బోర్డులో ఉంది. చందా బాకీ ఉన్నవాళ్లు సమావేశం రోజే కట్టెయ్యండి.

ఇక మనసులో ఉన్నది కూడా చెప్పాలి. ఫోన్ సలహాకి పన్నెండు మంది పేర్లిచ్చారు. ఏడాది పొడుగునా ఫోన్ ఎత్తింది ముగ్గురు. పండగ రోజు కూడా ఆ ముగ్గురే. మిగతావాళ్లకి వీలు కాకపోతే ముందే చెప్పి ఉంటే ఇంకొకరిని చూసుకునేవాళ్లం. పన్ను విధింపు మీద మన సందేహాలు తీరుస్తానని ఒక అధికారి రెండుసార్లు మాటిచ్చారు, రెండుసార్లూ రాలేదు. రెండోసారి సభ్యులు గంటన్నర ఎదురుచూశారు. ప్రశ్నలన్నీ రాతపూర్వకంగా పంపాం, జవాబు ఇంకా రావాలి.

వచ్చే ఏడాది ఖాళీ ఇంటి శిక్షణ కనీసం రెండుసార్లు పెట్టాలని కమిటీ తీర్మానించింది. మీ ఇల్లు ఖాళీ అవుతుందని తెలియగానే నాకు చెప్పండి, ఒక్క పూట ఇస్తే చాలు. చెమ్మ గోడల దగ్గర నేర్చుకున్న పాఠంతో ఫారం మార్చాం, ‘బాగుంది’ అని టిక్కు పెట్టే గడి తీసేశాం. కొత్త ఫారాలు సమావేశం రోజు గుమ్మం పక్క బల్ల మీద ఉంటాయి. ఇంటికి రెండు చొప్పున, మీకొకటి, అద్దెకుండేవాళ్లకొకటి తీసుకెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి