సీకింగ్ ఆర్డర్లు: ఆలస్యం, ధర, తుప్పు

మన నేవీ వాడిన యూహెచ్-3హెచ్ సీకింగ్ హెలికాప్టర్‌కి మేం చేసే చిన్న సైజు మోడల్ ఆర్డర్ ఇచ్చినవాళ్లకి ముందుగా అసలు సంగతి చెప్పేస్తాను. వినాయక చవితికి ఇస్తామన్నవి దీపావళి దాటాకే అందుతాయి. కారణం విశాఖ గాలిలో తేమ. ఈ తడిలో లాకర్ (lacquer) పెయింట్ కొడితే ఆరేలోపే పైన తెల్లటి పొర కమ్ముతుంది. రంగు స్ప్రే చేసే కంప్రెసర్‌కి తేమ పట్టే ఫిల్టర్ ఉంది గానీ, అది గొట్టంలో తడినే ఆపుతుంది, గదిలో తడిని కాదు. గాలి కాస్త పొడిగా ఉన్న రోజే రంగు పని చేస్తున్నాం. ఆగలేమంటే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాం, మొహమాటపడకండి.

2007లో నేవీ ఓడ జలాశ్వతో పాటు అమెరికా నుంచి వచ్చిన ఈ హెలికాప్టర్లు 17 ఏళ్లు పనిచేశాయి. 2024 జూన్‌లో విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగలో వీటికి వీడ్కోలు చెప్పారు. అప్పటి నుంచే మాకు ఆర్డర్లు పెరిగాయి. ఎక్కువగా నేవీలో చేసి రిటైరైనవాళ్లు, వాళ్ల పిల్లలు. మిగతావాళ్లు మాత్రం తరచూ అడిగేది ఒకటే: "అన్నా, మోడల్ మీద తుప్పు బాగా పట్టించు!"

పట్టించనండి. సీకింగ్ ఒళ్లంతా దాదాపు అల్యూమినియం. ఎర్ర తుప్పు ఇనుముకి పడుతుంది. అల్యూమినియం ఉప్పుగాలికి తెల్లగా పొడి పూస్తుంది, రివెట్ల దగ్గర పెయింట్ ఉబ్బుతుంది. పైగా సముద్రం మీద తిరిగొచ్చినదాన్ని మంచినీళ్లతో కడుగుతారు. అసలు మురికి వేరేచోట ఉంటుంది. రెండు ఇంజన్ల పొగ కాక్‌పిట్ వెనక, పైభాగంలో చెరోపక్కా బయటికొస్తుంది. ఆ మసి తోక వైపు సాగుతుంది. రోటర్ (పైన తిరిగే రెక్కలు) కింద నూనె చారలు. మనుషుల్ని పైకి లాగే హాయిస్ట్ కుడి డోరు మీద ఉంటుంది కాబట్టి ఆ గడప దగ్గర రంగు గీసుకుపోతుంది. బూడిద రంగు వీపు మీద ఎండకి బాగా వెలుస్తుంది, పొట్ట కింద అంతగా వెలవదు. ఇవన్నీ పలచగా, పొర మీద పొరగా వేస్తాం. ప్రతి ప్యానెల్ (రేకు ముక్క) చుట్టూ నల్లగీత గీస్తే గళ్ల లుంగీలా ఉంటుంది, అది మా దగ్గర దొరకదు.

కొత్త ఆర్డర్లకి ధర పెరుగుతుంది, పాతవాటికి పెరగదు. 1/48 స్కేలులో, అంటే అసలుదానికి 48వ వంతు సైజులో, మేం వాడే హసెగావా కంపెనీ ప్లాస్టిక్ కిట్ జలాంతర్గాముల్ని వేటాడే ఎస్‌హెచ్-3హెచ్‌ది. యూహెచ్-3హెచ్‌లో ఆ సామాను తీసేశారు కాబట్టి క్యాబిన్ మేమే కట్టుకోవాలి. ఎక్కువ టైం తినేది అదే.

మోడల్ రోటర్ రెక్కలు విప్పితే ఆ చివర నుంచి ఈ చివరకి 39 సెంటీమీటర్లు వస్తుంది. అందుకే కొరియర్‌లో పంపేవాటికి ఓడ మీద పెట్టినట్టు రెక్కలు వెనక్కి మడిచి చేస్తాం. షాపుకొచ్చి తీసుకెళ్లేవాళ్లకి విప్పి ఇస్తాం. అప్పుడు రెక్కలు కాస్త కిందికి వాలి ఉంటే కంప్లైంట్ పెట్టకండి, ఆగి ఉన్న హెలికాప్టర్‌కి అలాగే ఉంటాయి.

మీ ఇంట్లోవాళ్లు పనిచేసిన హెలికాప్టర్ ఫొటో ఉంటే వాట్సాప్ చేయండి. మసి ఎక్కడ ఎంత ఉందో అందులో చూసే వేస్తాం. తోక మీద నంబరు కనిపిస్తే మరీ మంచిది, దాని డెకాల్ (అంటించే స్టిక్కర్) ఇక్కడే ప్రింట్ చేస్తాం.