ఇంజను దెబ్బ తెలిసిన చెవికి జాజ్ పరాయిది కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పాఠకుల పేజీలో అనంతపురం సోదరుడు ఒకాయన రాసిన ఉత్తరం చదివాను. కాలేజీ పిల్లలు చెవుల్లో వైర్లు పెట్టుకుని ఇంగ్లీషు పాటలు వింటున్నారని, ఆ భాష వాళ్ళకే సరిగా రాదని, అది సంగీతం కాదు గోల అని ఆయన బాధపడ్డారు. గట్టిగా అరిచే పాటలు చాలానే ఉన్నాయి, అవి నాకూ నచ్చవు. కానీ జాజ్ (అమెరికా నల్లవాళ్ళ దగ్గర పుట్టిన సంగీతం), రాక్ వినాలంటే ఇంగ్లీషు రావాలి అన్న మాట నేను ఒప్పుకోలేను. పదో తరగతితో చదువు ఆపి రైల్వేలో చేరినవాణ్ణి నేను. ఆ సంగీతం నాకు పరిచయమైంది స్టీమ్ ఇంజను మీద.

1976లో గుంతకల్లులో రెండో ఫైర్‌మన్‌గా చేరాను. బొగ్గు పగలగొట్టి ముందుకు తోయడం నా పని. మా డ్రైవరు ఆంగ్లో ఇండియన్. అప్పట్లో మా రైల్వే క్వార్టర్లలో వాళ్ళ కుటుంబాలు బాగానే ఉండేవి. అందరం ఆయన్ని దొర అనేవాళ్ళం. ఆయన మాత్రం తెలుగు, కన్నడం కలిపి మాతో మాలాగే మాట్లాడేవారు.

ఒక రాత్రి హొసపేట వైపు గూడ్సు తీసుకుపోతున్నాం. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఒక్కో దెబ్బ బరువుగా కొడుతుంది. దొర ఒక చెయ్యి రెగ్యులేటర్ (సిలిండర్లలోకి ఆవిరి వదిలే లివర్) మీద ఉంచి, రెండో చేత్తో తొడ మీద తాళం వేస్తూ "లెక్కపెట్టప్పా" అన్నారు. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు నాలుగు దెబ్బలు. సిలిండర్లు రెండు, ఒక్కోదాంట్లో ఆవిరి ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి తోస్తుంది, అందుకే నాలుగు. "మీరు తకధిమి అంటారే, అదే ఇది. ఈ దెబ్బ మీద పాట కట్టినాయన ఉన్నాడు, ఇంటికొస్తే వినిపిస్తా" అన్నారు.

ఆయనే అమెరికా జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్. పాట 1933లో రికార్డు చేసిన 'డేబ్రేక్ ఎక్స్‌ప్రెస్'. మూడు నిమిషాలు, ఒక్క మాట లేదు. బండి బరువుగా కదలడం, వేగం అందుకోవడం, విజిల్, చివర్లో నెమ్మదించి ఆగడం, అన్నీ బాకాలు, సాక్సఫోన్లు, డ్రమ్ములే చెబుతాయి. దొర ఇంట్లో కింద కూర్చుని విన్నాను. మూడోసారి పెట్టినప్పుడు "ఇదిగో, ఇప్పుడు రెగ్యులేటర్ పూర్తిగా తెరిచాడు" అని నేనే అరిచాను. ఆయన నవ్వి, టీ పోయమని ఇంట్లోకి కేకేశారు.

ఆ రోజే ఇంకో సంగతి కూడా చెప్పారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు హోటళ్ళలో గది ఇచ్చేవారు కాదట. ఎల్లింగ్టన్ బృందం రైలు పెట్టెలు అద్దెకు తీసుకుని, వాటిలోనే తిని, పడుకుని, ఊరూరూ తిరిగి కచేరీలు చేసింది. వేరే గ్లాసు పెట్టే టీ బంకులు మన పల్లెల్లో నేను కళ్ళారా చూశాను. ఆ మాట విన్నాక ఆ పాటలో విజిల్ నాకు వేరేలా వినపడింది. ఇప్పటికీ అలాగే వినపడుతుంది.

తర్వాత మా చెల్లెలి సంగతి. గుత్తిలో పిల్లలకు సంగీతం చెబుతుంది. ఒకసారి బాకా వాయించే మైల్స్ డేవిస్ జాజ్ రికార్డు 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి పాట 'సో వాట్' పెట్టాను. తను కాసేపు విని హార్మోనియం దగ్గరికి లాక్కుంది. "గమకాలు లేవు, సంచారాలు మనవి కావు, కానీ అన్నా, స్వరాలు మాత్రం ఖరహరప్రియ రాగానివే" అంది. ఆ స్వరాలు అలా పదహారు బార్లు (ఒక్కో బారుకు నాలుగు దెబ్బలు) నడిచి, ఎనిమిది బార్లు అర స్వరం పైకి జరిగి, మళ్ళీ కిందికి దిగి మరో ఎనిమిది బార్లు నడుస్తాయి. వాయించే అందరికీ దారి అదే. ఆ దారిలో ఎవరి కల్పన వాళ్ళది. 1959లో న్యూయార్క్‌లో, అంతకుముందు చర్చిగా ఉన్న ఒక స్టూడియోలో, రెండు రోజుల్లో ఆ రికార్డు పూర్తి చేశారు. ఏ స్వరాల మీద వాయించాలో చిన్న చీటీల్లాంటివి తప్ప ముందుగా వాళ్ళ చేతికి పెద్దగా ఏమీ ఇవ్వలేదు. మన కచేరీలో కల్పనస్వరం, అంటే అక్కడికక్కడ కట్టి పాడే స్వరం, ఎలా పుడుతుందో తెలిసినవాళ్ళకు దీన్ని వేరే విడమర్చి చెప్పాలా?

అదే 1959లో పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ జాజ్ బృందం 'టేక్ ఫైవ్' వాయించింది. అది ఐదు దెబ్బల తాళం. మన ఖండచాపు తక తకిట అయితే, అది తిరగేసి తకిట తక. బ్రూబెక్ అంతకు ముందు ఏడాదే మన దేశం వచ్చి మద్రాసులో కూడా వాయించి వెళ్ళారు. 'టేక్ ఫైవ్' కట్టిన పాల్ డెస్మండ్, తను పోయాక ఆ పాట మీద వచ్చే డబ్బు అమెరికా రెడ్‌క్రాస్‌కు చెందాలని రాసిపెట్టారు. నాకు ఆ పాట అంటే ఉన్న ఇష్టం ఇది తెలిశాక ఇంకా పెరిగింది.

రాక్ దగ్గరికి ఆలస్యంగా వచ్చాను. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదివేటప్పుడు పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం క్యాసెట్ తెచ్చాడు, 1973 నాటి 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. అందులో 'మనీ' అనే పాట ఏడు దెబ్బల మీద నడుస్తుంది, చిల్లర, గల్లాపెట్టె శబ్దాలే దానికి తాళం. మిశ్రచాపు వేసి చూడండి, చెయ్యి సరిగ్గా పడుతుంది. గిటార్ విడిగా వాయించే చోట మాత్రం నాలుగులోకి మారిపోతుంది, అక్కడ తప్పిపోకుండా చూసుకోవాలి. మా అబ్బాయికి ఇది నేనే చెప్పాను. అప్పటిదాకా ఆ పాట వాడొక్కడిదే, ఆ రోజు నుంచి మా ఇద్దరిదీ అయింది.

రిటైరయ్యాక దొర కూతురి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. పోతూ పదకొండు రికార్డులు నా చేతిలో పెట్టారు. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి ఆరు. పాత లక్క ప్లేట్లు రెండు ఇల్లు మారేటప్పుడు పగిలాయి. రెండు ఎల్పీలు మే నెల ఎండకు కిటికీ పక్కన అప్పడాల్లా వంగిపోయాయి. ఇంకొకటి ఎవరికో ఇచ్చాను, తిరిగి రాలేదు. పగిలిన వాటిలో 'డేబ్రేక్ ఎక్స్‌ప్రెస్' ఉంది. నలభై ఏళ్ళ తర్వాత పోయిన సంక్రాంతికి మా మనవడు ఫోన్‌లో ఒక్క నిమిషంలో దాన్ని వెతికి పెట్టాడు. అందుకే చెవిలో వైర్లు ఉన్న పిల్లల మీద నాకు కోపం రాదు.

మీకు ఒక విన్నపం. వారానికి ఒకసారి, ఒక్క రికార్డు గురించి అర కాలమ్ వేయండి. ఎవరు వాయించారు, ఏ ఏడాది, ఏ తాళం, ఎక్కడ చెవి పెట్టాలి, అంతే చాలు. ఒక వారం ఎల్లింగ్టన్ అయితే ఇంకో వారం మన సీమ నాటకాల పద్యాల ప్లేట్లు వేయండి. ఇంకొకటి, గుంతకల్లు, గుత్తి, ధర్మవరం రైల్వే కుటుంబాల్లో అటకల మీద ఇంకా ప్లేట్లు ఉన్నాయి. వాటిని పాత సామాన్ల బండికి తూకానికి వేయకండి. లక్క ప్లేట్లను నిలబెట్టి పెట్టండి, ఎండ తగలనివ్వకండి. వద్దనుకుంటే మీ పత్రికకు ఒక ముక్క రాస్తే నేనే వచ్చి తీసుకెళతాను.

ఆ అనంతపురం సోదరుడు కసాపురం ఆంజనేయస్వామి దర్శనానికి వస్తే మా ఇంటికి కూడా రమ్మనండి. మధ్యాహ్నం మూడు దాటాక ఎప్పుడైనా సరే. సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 1957లో వాయించిన 'బ్లూ ట్రైన్' ఎల్పీ నా దగ్గర బాగానే ఉంది. మొదటి వైపు పెడతాను, ఇరవై నిమిషాలు. టీ మా ఇంట్లోనే.

ఇట్లు,
విశ్రాంత లోకో పైలట్,
గుంతకల్లు, అనంతపురం జిల్లా