సూరికి, మీ నాన్నగారి జెన్ గురించి

విజయవాడ

ప్రియమైన సూరీ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని మరీ చూశాను. 1999 నాటి మారుతీ జెన్ కారు అంటే నమ్మశక్యంగా లేదు, బయట అంత బాగుంది. లోపల ప్లాస్టిక్ మాత్రం తెల్లబారిపోయి, అమ్మగారు చూసినప్పుడల్లా నొచ్చుకుంటున్నారని రాశావు. అందుకని ఆదివారం మెరుపు పాలిష్ కొట్టించేస్తానన్నావు. ఒరేయ్, ఆ ఒక్క పని చెయ్యకు. ఆ బండిలోనే నేనూ డ్రైవింగ్ నేర్చుకున్నాను, నాకూ దాని మీద ప్రేమ ఉంది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ నాన్నగారు కొన్న రోజున ఆ డాష్‌బోర్డు మెరవలేదు. వెలుగును మింగేసే మెత్తని బూడిద రంగులో ఉండేది, గుర్తుందా? మనం తిరిగి తేవాల్సింది ఆ రంగును. సిలికాన్ నూనె ఉన్న పాలిష్ రాస్తే రెండు మూడు వారాలు తళతళలాడుతుంది, తర్వాత దుమ్మంతా పట్టేస్తుంది. పైగా మధ్యాహ్నం ఎండలో డాష్‌బోర్డు నీడ ముందు అద్దంలో పడి రోడ్డు సరిగా కనిపించదు. అమ్మగారిని ఎక్కించుకుని తిరిగే బండిలో అది ప్రమాదం. కొబ్బరి నూనె, డీజిల్ లాంటి చిట్కాలు కూడా ఎవరైనా చెబితే వినకు. స్టీరింగ్‌కీ పెడల్స్‌కీ ఏ నూనే తగలకూడదు.

అసలు ఆ తెలుపు ఎందుకు వస్తుందంటే, ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ పైపొరలోని పొడవాటి అణు గొలుసులను తెంపేస్తాయి. పైపొర కంటికి కనపడనంత సన్నగా పగిలి, వెలుగును చెల్లాచెదురు చేస్తుంది. అందుకే రంగు పోయినట్టు కనిపిస్తుంది. లోపలి రంగు చాలావరకు అలాగే ఉంటుంది. ముందు అద్దం రెండు గాజుల మధ్య పొర ఉన్న లామినేటెడ్ రకమైతే ఆ కిరణాలను దాదాపు ఆపేస్తుంది. పక్క అద్దాలకూ వెనక అద్దానికీ మామూలుగా ఆ పొర ఉండదు. నీ ఫోటోల్లో వెనక సీటు పైనున్న పలక, డోర్ ప్యాడ్ల పై అంచులు ఎక్కువగా పాలిపోయింది బహుశా అందుకే. ముందు అద్దం లోపలి వైపు మసక పొర ఏర్పడుతోందని రాశావు కదా, అది వేరే కథ. ఎండకు డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటి కాగుతుంది, వినైల్‌ను మెత్తగా ఉంచే రసాయనాలు ఆవిరై అద్దం మీద పేరుకుంటాయి. ఎండలో ఆపినప్పుడల్లా ముందు అద్దానికి లోపల అట్ట పెట్టడం అలవాటు చేసుకో.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఊడదీసిన ప్రతి ముక్క వెనకా చూడు, చాలా వాటి మీద పీపీ (అంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) అనో ఏబీఎస్ (ఇంకో రకం ప్లాస్టిక్) అనో అచ్చు ఉంటుంది. లేకపోతే కనపడని అంచు నుంచి గోరంత గీరి నీళ్లలో వెయ్యి. తేలితే దాదాపు ఖాయంగా పాలీప్రొపిలీన్. మునిగితే మాత్రం ఏబీఎస్ అని వెంటనే తీర్మానించకు, సున్నపుపొడి లాంటి టాల్క్ కలిపిన పాలీప్రొపిలీన్ కూడా మునుగుతుంది. ఇంత గొడవ ఎందుకంటే, ఏబీఎస్‌కు అసిటోన్ గానీ థిన్నర్ గానీ తగిలితే పైభాగం కరిగి జిగురైపోతుంది. పాలీప్రొపిలీన్‌కు ఏమీ కాదు గానీ, దాని మీద ఏ రంగూ సరిగా అంటుకోదు.

డోర్ ప్యాడ్ ఊడదీయడానికి అద్దం దించే హ్యాండిల్ అడ్డం వస్తుంది. దాని వెనక చిన్న గుర్రపునాడా ఆకారపు క్లిప్ ఉంటుంది. పాత బనీను ముక్కను హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య దూర్చి అటూ ఇటూ లాగితే క్లిప్ బయటికి జరుగుతుంది, ఎగిరిపోకుండా చేతితో అడ్డం పెట్టుకో. మిగతా క్లిప్పులను ఇనుప స్క్రూడ్రైవర్‌తో పెకలించకు. పాతికేళ్ల ప్లాస్టిక్ ఠప్పున విరుగుతుంది. కాస్త వేడెక్కిన బండిలో, చెక్క పుల్లతో నెమ్మదిగా లేపు. ఒకటి రెండు విరిగితే బెంగ వద్దు, మన ఆటోనగర్‌లో పాత ముక్కలు దొరుకుతాయి, నేను వెతికి పెడతాను.

తర్వాత కడగడం. నా అనుభవంలో సగం ఫలితం ఇక్కడే వస్తుంది. సబ్బునీళ్లు, మెత్తని గోళ్ల బ్రష్, గీతల వెంబడే రుద్దడం, మురికి నీళ్లు రాకుండా పోయేదాకా. తెల్లని మెలమైన్ స్పాంజీలు వాడకు, అవి సన్నని ఎమెరీ పేపర్ పనే చేస్తాయి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడువు. పాత పాలిష్‌లోని సిలికాన్ కొంచెం మిగిలినా తర్వాత వేసే రంగు గుంటలు గుంటలుగా విడిపోతుంది. కడిగిన ముక్కలు ఆరాక ఒక రోజు వదిలేసి చూడు. కొన్నిటికి ఇంకేమీ అవసరం ఉండదు, ఎండ నుంచి కాపాడే, మెరుపు లేని నీటి ఆధారిత పూత ఒకటి పల్చగా రాస్తే చాలు.

హీట్ గన్‌తో, అంటే వేడిగాలి ఊదే పరికరంతో, ప్లాస్టిక్‌ను నల్లబరిచే వీడియోలు పంపావు. నల్లని పాలీప్రొపిలీన్ బంపర్ల మీద అది పని చేస్తుంది, కాలిన పైపొర కరిగి కొంత కాలం నల్లగా కనిపిస్తుంది. లోపలి ముక్కల మీద మాత్రం వద్దు. ఒక్క క్షణం ఎక్కువైతే తోలు లాంటి చెక్కడమంతా కరిగి నున్నగా అయిపోతుంది, ఏబీఎస్ అయితే ఏకంగా వంకర పోతుంది. ఆ చెక్కడాన్ని మళ్లీ ఎవ్వరూ వెయ్యలేరు.

మరీ పాలిపోయిన పలకకు, డోర్ అంచులకు రంగు వెయ్యక తప్పదు. షేడ్ కోసం ఊహ మీద ఆధారపడకు. గ్లవ్ బాక్స్ లోపలి వైపు ఎండ తగలని ముక్కను పట్టుకుని పెయింట్ దుకాణానికి వెళ్లు, పట్టపగలు బయట వెలుతురులో పోల్చి కలపమను. మ్యాట్ రకమే అడుగు. పాలీప్రొపిలీన్ ముక్కలకు ముందుగా అంటుకునేలా చేసే ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి. ఒక్కసారే మందంగా కొట్టకుండా, మంచు పడ్డట్టు పల్చగా, ఆరనిస్తూ పొర మీద పొర వెయ్యి. చెక్కడం పూడిపోకూడదు. స్ప్రే డబ్బా మీద రాసిన ఎండే సమయాన్ని కచ్చితంగా పాటించు, మొదటి రోజు వేళ్లతో తడిమి చూడాలన్న కోరికను ఆపుకో.

డాష్‌బోర్డు మీద ఆ చిన్న పసుపు మరక దగ్గర మాత్రం ఆగు. అక్కడ మీ నాన్నగారు అగరబత్తి స్టాండు పెట్టేవారు కదా. దాని మీద రంగు వెయ్యమని నేను చెప్పను, అమ్మగారిని అడిగి ఆవిడ చెప్పినట్టు చెయ్యి.

ముందు డోర్ ప్యాడ్ ఒక్కటే ఊడదీసి, వెనక అచ్చు ఏమని ఉందో ఫోటో పంపు. అది చూశాకే ఏ ప్రైమర్ కొనాలో చెబుతాను. అప్పటిదాకా దుకాణానికి వెళ్లకు.

నీ,
రాజా