ఆడబిడ్డ వాటా పొలంలో కనిపించాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఇస్లాంలో స్త్రీ ఆర్థిక స్వాతంత్ర్యం గురించి మా ఊరి సభలో పెద్దలు చేసిన ప్రసంగాలను పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో చదివాను. మక్కాలో సొంత వ్యాపారం నడిపిన, ప్రవక్త ముహమ్మద్ గారి భార్య ఖదీజా గారి గురించీ, భార్య సంపాదనపై భర్తకు హక్కు లేదన్న నియమం గురించీ వారు చెప్పినవన్నీ నిజమే. అయితే తండ్రి పొలంలో అక్కచెల్లెళ్లకు వాటా పంచి ఇచ్చామని ఆ వేదిక మీద ఒక్కరైనా చెప్పినట్లు మీ వార్తలో లేదు.

తల్లిదండ్రులు విడిచిన ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందులో స్త్రీలకు నిర్ణీత భాగం ఉందని ఖురాన్‌లోని అన్నిసా సూరా (అధ్యాయం) 7వ వాక్యం చెబుతోంది. మా నాన్నగారు 5 ఎకరాల నిమ్మతోట విడిచి పోయారు. షరియత్ (ఇస్లాం ధర్మశాస్త్రం) లెక్కన అమ్మకు ఎనిమిదో వంతు, అంటే 62.5 సెంట్లు, ఇద్దరు అన్నలకు చెరి 175 సెంట్లు, నాకు 87.5 సెంట్లు రావాలి. కుటుంబాన్ని పోషించే భారం మగవాడిదే కనుక కొడుకుకు రెండింతలు అన్నారు. మా అన్నలు ఆ రెండింతలతో పాటు నా వాటా కూడా ఉంచుకున్నారు, అమ్మను మాత్రం నేను చూసుకున్నాను. కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రంలో, పెళ్లయి వెళ్లిపోయిందన్న కారణంతో, నా పేరే రాయలేదు. దాన్ని చేర్పించడానికి రెండేళ్లు తిరిగి, చివరకు అమ్మ కన్నీళ్లకు లొంగి, నా వాటా వదులుకుంటున్నట్లు రాసిన విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టాను. ఆధార్ అడిగారు, వేలిముద్ర అడిగారు, ఎంత వదులుకుంటున్నానో నాకు తెలుసా అని ఎవరూ అడగలేదు.

ముస్లింల వారసత్వానికి షరియత్‌ను వర్తింపజేసే 1937 నాటి షరియత్ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదని ఇప్పటికీ కొందరు ఉద్యోగులు వాదిస్తున్నారు. ఆ మినహాయింపును మద్రాసు రాష్ట్రం 1949లోనే తొలగించింది, అప్పట్లో నెల్లూరు, ఒంగోలు రెండూ ఆ రాష్ట్రంలోనివే. భార్య ఆస్తిని భర్త అమ్ముకోవడం, దానిపై ఆమె హక్కును అడ్డుకోవడం విడాకులకు కారణమయ్యే క్రూరత్వమని 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం చెబుతోంది. నిఖా (పెళ్లి) నాడు ఈ మాట ఎవరు చెబుతున్నారు?

పెళ్లిలో భర్త భార్యకు ఇవ్వవలసిన సొమ్ము, మెహర్, సంగతి మరీ దారుణం. ఎప్పుడో ఇస్తామని నిఖానామాలో (పెళ్లి పత్రంలో) రాయించి, చివరకు భర్త జనాజా (అంతిమయాత్ర) లేచే ముందు ఏడుస్తున్న ఆ భార్య చేత 'మాఫ్ చేశాను' అనిపిస్తారు. చెల్లించని మెహర్ భర్త మీద అప్పు, వారసుల వాటాల కంటే ముందు తీర్చవలసిన అప్పు. ఉదయగిరిలో చేతులు కాయలు కాచేలా చెక్క గరిటెలు చెక్కి ఇల్లు గడిపే ఆడవాళ్లకు ఆ డబ్బు విలువ తెలియక వదులుకుంటున్నారా? నలుగురి ముందు కాదనలేక వదులుకుంటున్నారు.

వీఆర్వోలు ధృవీకరణ పత్రంలో పెళ్లయిన కూతుళ్ల పేర్లు తప్పక రాయాలి. విడుదల దస్తావేజు రిజిస్టరు చేసే ముందు ఆమె వాటా ఎన్ని సెంట్లో ఆమెకు చదివి వినిపించాలి. నిఖా చేయించే ఖాజీలు మెహర్‌ను ఆ రోజే వధువు చేతికి ఇప్పించాలి. సభలో మాట్లాడిన పెద్దలు ముందు తమ ఇళ్లలో పాసు పుస్తకాలు తీసి చూసుకోవాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా