అంగిలి కుట్టాక మాట సంగతి?

సంపాదకులకు,

గ్రహణం మొర్రి ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసిన ఫొటోలు జిల్లా పేజీల్లో తరచూ చూస్తున్నాం, సంతోషమే. కానీ ఫొటోలో కనిపించేది పెదవి. మాటను ఎక్కువగా పాడుచేసేది లోపలి అంగిలి (నోటి పైకప్పు) చీలిక.

పెదవిని సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య, అంగిలిని 9 నుంచి 18 నెలల మధ్య కుడతారు. రెండోది వాయిదా పడితే బిడ్డ చీలిన అంగిలితోనే మాటలు నేర్చుకుంటుంది. ప, బ, త, ద, క, గ పలకాలంటే నోట్లో గాలి బిగబట్టి వదలాలి. వెనకవైపు మెత్తటి అంగిలి లేచి ముక్కుదారి మూయకపోతే గాలి పైకి జారిపోతుంది. అప్పుడు బిడ్డ ఆ గాలిని గొంతు దగ్గరే తుంచడం అలవాటు చేసుకుంటుంది. 'కాకి' కాస్తా 'ఆఇ' అవుతుంది. ఆపరేషన్ బాగా జరిగినా ఈ అలవాటు దానంతటది పోదు.

ఇంట్లోవాళ్లు ఏమరుపాటు పడేది ఇక్కడే. అమ్మ, నాన్న, మామ చక్కగా వస్తాయి, ఎందుకంటే మ, న ఎలాగూ ముక్కుతో పలికేవే. తేడా తెలిసేది అక్క, అత్త, తాత దగ్గర. 'మాకు అర్థమైతాంది లే' అని తల్లి అంటే సరిపోదు. మూడేళ్లకు బిడ్డ మాట కొత్తవాళ్లకు ముప్పాతిక వంతు, నాలుగేళ్లకు దాదాపు అంతా అర్థం కావాలి.

పాప, బాబు, తాత, కాకి, దోస అనిపించి చూడండి. వీటిలో మ, న, సున్నా లేవు. పలికేటప్పుడు మాత్రమే ముక్కు కింద చల్లటి అద్దం పెడితే ఆవిరి పట్టకూడదు. పట్టినా, ముక్కు మూసినప్పుడు మాట మెరుగైనా గాలి కారుతోందని అనుమానించాలి. అంగిలిలో కన్నం మిగిలి ఉండొచ్చు, అంగిలి పొట్టిగానైనా ఉండొచ్చు. సర్జన్ మళ్లీ చూడాలి, ఆ లోపం స్పీచ్ థెరపీతో (మాట సరిదిద్దే శిక్షణతో) పోదు. ముక్కు మూసినా 'ఆఇ'యే వస్తే అది అలవాటు, దానికి స్పీచ్ థెరపీ కావాలి. కొందరిలో రెండూ ఉంటాయి.

బుడగలు ఊదించండి, కొవ్వొత్తి ఆర్పించండి అనే సలహా ఇంకా వినిపిస్తోంది. ఊదడం వేరు, పలకడం వేరు. దాంతో మాట బాగుపడదు. గొంతు బిగించే బిడ్డతో 'ప్' తర్వాత 'హ' చేర్చి గుసగుసగా 'ప్‌హా' అనిపించాలి. అది కుదిరాక 'పా', ఆపైన 'పాప', చివరికి చిన్న వాక్యం. పదేసి నిమిషాలు రోజుకు రెండుసార్లు చాలు, గంటసేపు కూర్చోబెడితే బిడ్డ మొరాయిస్తుంది.

చెవులూ చూపించాలి. అంగిలి చీలిన పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరడం చాలా మామూలు. సరిగా వినపడని శబ్దాన్ని ఏ బిడ్డా సరిగా పలకలేదు.

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన కేంద్ర పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో గ్రహణం మొర్రి ఉంది. ఆ పథకం కిందే ఉండే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి వినికిడి, మాట నిపుణుల పోస్టూ ఉంది. అది ఖాళీగా ఉంటే ముందు నింపాలి. అంగన్‌వాడీలో మూడేళ్లు నిండిన ప్రతి గ్రహణం మొర్రి బిడ్డతో పై అయిదు మాటలు అనిపించి, తేడా ఉంటే ఆ కేంద్రానికి పంపాలి. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి (పనుల కోసం వలస) పోయే కుటుంబాల్లో థెరపీ మధ్యలోనే ఆగిపోతుంది. వాళ్లకు వారానికోసారి వీడియో కాల్‌లో కొనసాగించే ఏర్పాటు చేయాలని కర్నూలు జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాం.

- కొందరు స్పీచ్ థెరపిస్టులు, కర్నూలు