ట్రయల్ బ్యాలెన్స్ కుదిరినా లెక్క తప్పే కాలం

సంపాదక మహాశయా,

ట్రయల్ బ్యాలెన్స్, అంటే అన్ని ఖాతాల డెబిట్ (ఎడమవైపు), క్రెడిట్ (కుడివైపు) మొత్తాలు సమానమో కాదో చూసే పట్టిక, కుదరకపోతే పాతకాలం లెక్కలవాళ్లు ముందు చేసే పని, తేడాను 9తో భాగించి చూడటం. శేషం లేకుండా పోతే ఎవరో అంకెలు తారుమారు చేశారని అనుమానం. 540కి బదులు 450 పడితే తేడా 90 కదా. అది కాదనుకుంటే తేడాలో సగం ఎంతో చూసి, ఆ మొత్తం ఏ పద్దులో ఉందో వెతికేవాళ్లు. డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడితే తేడా సరిగ్గా రెండింతలు వస్తుంది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ రెండు వైపులూ తనే కుదిర్చిపెట్టడం మొదలుపెట్టాక ఈ చిట్కాలకు పని తగ్గింది. ఇప్పుడు ఏఐ సాధనాలొచ్చి ఎంట్రీ కూడా వేసేస్తున్నాయి. తప్పులు మాత్రం పోలేదు, రూపం మార్చుకున్నాయి. లెక్కల సంస్థల్లో ఉద్యోగాలుంటాయా ఊడతాయా అన్న చర్చలో ఈ సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

2013లో ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు అకౌంటెంట్లు, ఆడిటర్ల పని కంప్యూటర్ల చేతిలోకి పోయే అవకాశం 94 శాతమని అంచనా కట్టారు. పద్దులు రాసే గుమాస్తాలకు 98 వేశారు. పన్నెండేళ్లు దాటినా ఆ కుర్చీలు ఖాళీ కాలేదు. వాటిలో కూర్చున్నవాళ్ల పని మాత్రం రాయడం నుంచి సరిచూడటానికి మారింది. సరిచూడటం తేలికన్న భ్రమ ఒకటి బాగా ప్రచారంలో ఉంది.

ఒక బిల్లు వచ్చిన దగ్గర్నుంచి చూద్దాం. సాధనం ముందుగా పీడీఎఫ్ నుంచి సరఫరాదారు పేరు, బిల్లు నంబరు, తేదీ, అసలు, పన్ను, మొత్తం చదువుకుంటుంది. అదే సరఫరాదారు పాత బిల్లులు ఏ ఖాతాలో పడ్డాయో చూసి కొత్తదానికి ఖాతా సూచిస్తుంది. ఆ సూచన మీద తనకెంత నమ్మకమో శాతం వేస్తుంది. సంస్థ పెట్టుకున్న గీత 95 అనుకుంటే, దాన్ని దాటినవి నేరుగా పోస్టవుతాయి, అంటే పుస్తకాల్లోకెక్కుతాయి, మిగిలినవి మనిషి ముందుకొస్తాయి. సాధనం తటపటాయించిన బిల్లును మనిషి ఎలాగూ చూస్తాడు. ధీమాగా తప్పు వేసినది ఎవరి కంటా పడదు.

అవి ఎలాంటి తప్పులంటే, యంత్రాలు మరమ్మతు చేసే సరఫరాదారు ఈసారి కొత్త మోటారు అమ్మాడు. అతని పాత బిల్లులన్నీ మరమ్మతుల ఖర్చులో ఉన్నాయి కనుక ఇదీ అక్కడికే పోతుంది. ఆస్తిగా చూపి ఏటా కొంత తరుగుదల (వాడకంతో తగ్గే విలువ) వేయాల్సింది ఒక్క ఏడాదిలోనే ఖర్చయిపోతుంది. బీమా సంగతీ అంతే. అక్టోబరు 1న ఏడాది బీమాకు 1,20,000 కట్టారు, లెక్కల సంవత్సరం డిసెంబరు 31తో ముగుస్తుంది. ఈ ఏడాది ఖర్చు మూడు నెలలకు 30,000, మిగతా 90,000 ముందస్తు చెల్లింపు. బిల్లు తేదీనే పట్టుకునే సాధనం మొత్తం ఖర్చులో వేస్తుంది. సరుకు వెనక్కి పంపితే వచ్చే క్రెడిట్ నోట్‌ను మామూలు బిల్లుగా చదివితే 8,000 తగ్గాల్సిన బాకీ 8,000 పెరిగి, 16,000 తేడా వస్తుంది. 03/04 అన్న తేదీ ఏప్రిల్‌దో మార్చిదో బిల్లు పుట్టిన దేశాన్ని బట్టి మారుతుంది. వీటిలో ఏది జరిగినా ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కుదురుతుంది. పోయినేడాది ఎవరో తప్పు ఖాతాలో వేసి ఉంటే సాధనానికి అదే పాఠమవుతుంది, ఈ ఏడాది ఆ తప్పే మరింత ధీమాగా చేస్తుంది. కాబట్టి సాధనాన్ని పెట్టేముందు కనీసం ఒక ఏడాది పాత పద్దులు శుభ్రం చేసుకోవాలి. తొందరలో ఎక్కువ సంస్థలు ఎగ్గొట్టేది ఈ మెట్టునే.

నమ్మకం శాతం ఎంతున్నా కొన్ని బిల్లులు మనిషి చూడాల్సిందేనని ముందే రాసిపెట్టుకోవాలి. క్రెడిట్ నోట్లన్నీ, ఆస్తిగా చూపే పరిమితి దాటిన ప్రతి బిల్లూ, కొత్త సరఫరాదారు మొదటి బిల్లూ అందులో ఉండాలి. బీమా, అద్దె, చందాల బిల్లులకు సేవ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్న గడి నింపందే పోస్టు కాకుండా కట్టడి చేయాలి. సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందని కాగితం వస్తే, ఆ కాగితం మీదున్న నంబరుకు కాకుండా పాత రికార్డుల్లోని నంబరుకు ఫోన్ చేసి అడగాలి. నలిగిన కాగితం మడతలతో సహా నకిలీ రసీదు బొమ్మ సృష్టించే ఏఐ సాధనాలు ఇప్పుడు ఎవరి ఫోన్లోనైనా ఉంటున్నాయి. వీటికి తోడు, నేరుగా పోస్టయినవాటి నుంచి వారానికి ఓ 25 యాదృచ్ఛికంగా తీసి అసలు కాగితంతో పోల్చాలి.

బ్యాంకు రీకన్సిలియేషన్‌లో, అంటే బ్యాంకు స్టేట్‌మెంటును మన పద్దులతో సరిపోల్చడంలో, సాధనాలు నిజంగానే బాగా పనిచేస్తున్నాయి, రోజుల పని గంటల్లో తేలుతోంది. ఒకే మొత్తం ఇద్దరు కొనుగోలుదారుల నుంచి వచ్చినప్పుడు మాత్రం ఒకరి జమ మరొకరికి కట్టే ప్రమాదముంది. రావాల్సిన బాకీల మొత్తం సరిగానే ఉంటుంది, ఇద్దరి లెడ్జర్లూ తప్పుతాయి.

ఇక ఆడిట్. మచ్చుకు కొన్ని వోచర్లు (ఎంట్రీకి ఆధారమైన కాగితాలు) తీసి చూసే చోట ఇప్పుడు ఎంట్రీలన్నింటినీ జల్లెడ పట్టవచ్చు. అంతర్జాతీయ ఆడిట్ ప్రమాణం 240 మోసాల కోణంలో జర్నల్ ఎంట్రీలు పరీక్షించమంటుంది. సెలవు రోజున వేసినవి, సంవత్సరాంతంలో వేసినవి, గుండు సున్నాలతో ముగిసేవి, ఎప్పుడో గాని వాడని ఖాతాల్లోవి సాధనం క్షణాల్లో ఏరిపెడుతుంది. బాగానే ఉంది గానీ, 2 లక్షల ఎంట్రీల్లో ఒక్క శాతం ఏరినా 2,000 అవుతాయి. జూనియర్ వాటి పక్కన 'చూశాం, సరే' అని వరసగా రాసుకుంటూ పోతాడు. దాంతో, ముందు అసలు కంటపడని అనుమానాస్పద ఎంట్రీ, ఇప్పుడు కంటపడి కూడా దాటిపోయినట్టు ఫైల్లో సాక్ష్యం మిగులుతుంది. ఏరినవి వందల్లోకి దిగేదాకా ఏరే షరతులు కలిపి బిగించుకోవాలి. సెలవు రోజూ, గుండు అంకే, పై అధికారి పోస్టు చేయడమూ మూడూ కలిస్తేనే ఏరమనాలి.

దీనికి మించిన లోపం మరొకటుంది. నూటికి నూరు ఎంట్రీలు చూశామంటే పుస్తకంలో ఉన్నవన్నీ చూశామనే అర్థం. పుస్తకంలో రాయని అప్పు ఏ సాధనానికీ కనబడదు. దానికి పాత దారే గతి. సంవత్సరం ముగిశాక రెండు నెలల చెల్లింపులు తీసి, ఏవి పాత ఏడాది బాకీలో చూడాలి. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎఫ్ఆర్‌సీ 2025 జూన్‌లో ఆరు పెద్ద ఆడిట్ సంస్థలను పరిశీలించి, ఈ సాధనాల వల్ల ఆడిట్ నాణ్యత ఎలా మారుతోందో ఒక్కరూ పద్ధతిగా కొలవడం లేదని చెప్పింది. మాకది వింతగా అనిపించలేదు.

ఒప్పందాలు చదివి సారాంశం చెప్పే చాట్‌బాట్లది వేరే తంతు. లీజు కాలం, పొడిగింపు షరతు, అద్దె పెంపు శాతం చటుక్కున చెప్తాయి. చివర జతచేసిన సవరణ పత్రాన్ని వదిలేసి అసలు ఒప్పందంలోని కాలాన్నే చెప్పినా అంతే ధీమాగా చెప్తాయి. ప్రమాణాల్లో లేని పేరా నంబర్లు కల్పిస్తాయి. 2025లో ఆస్ట్రేలియా ప్రభుత్వానికి ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థ ఇచ్చిన నివేదికలో లేని పరిశోధనలు, కోర్టు తీర్పులో లేని వాక్యం బయటపడి ఫీజులో కొంత వెనక్కివ్వాల్సి వచ్చింది. అందుకే ప్రతి జవాబు పక్కనా పుట, క్లాజు నంబరు అడగాలి, ఆ పుట తెరిచి చూడాలి. కూడికలు చాట్‌బాట్‌తో చేయించకూడదు, సూత్రం రాయించి స్ప్రెడ్‌షీట్‌లో చేయాలి. ఖాతాదారుడి (మన చేత లెక్కలు చేయించుకునే క్లయింటు) కాగితాలు ఉచిత సాధనాల్లో ఎక్కించడమంటే గోప్యత నియమాన్ని కాలరాయడమే.

ఎంట్రీలు స్వయంగా వేసి, వోచర్లు తిరగేసి, తేడా కోసం తలబద్దలు కొట్టుకున్నవాళ్లకే సమీక్షించే కన్ను వచ్చింది. ఆ పనిని సాధనానికి అప్పగించి, కొత్తగా చేరినవాళ్లను నేరుగా సమీక్షకు కూర్చోబెడుతున్నారు. గంటల లెక్కన ఫీజు తగ్గించమని ఖాతాదారులు ఒత్తిడి చేస్తున్నారు కాబట్టి సంస్థలకూ ఇదే లాభసాటి. కనీసం మొదటి ఆరు నెలలు ఒకటి రెండు చిన్న ఖాతాలైనా సాధనం లేకుండా చేయించాలి. ఆ తర్వాత నెలనెలా 100 బిల్లుల్లో తెలిసి తెలిసి తప్పుడువి 5 కలిపి ఎన్ని పట్టుకున్నారో చూడాలి. ఆమోదించిన వేళలు సాఫ్ట్‌వేర్ లాగ్‌లో ఉంటాయి. మూడేసి సెకన్లకొకటి చొప్పున, ఒక్కటీ మార్చకుండా 400 ఎంట్రీలు ఆమోదించి ఉంటే ఆ సమీక్ష జరగనట్టే లెక్క. ఆ నెల పద్దులు వేరొకరి చేత మళ్లీ చూపించాలి.

ఇట్లు,
లెక్కలు, ఆడిట్ వృత్తిలో ఉన్న కొందరం